తుపాకుల పట్టణం స్ప్రింగ్‌ఫీల్డ్

అమెరికా సంయుక్త రాష్ట్రాల ఈశాన్య భాగాన మసాచుసెట్స్ అనే రాష్ట్రం ఉన్నది. అందులో కనెక్టికట్ నది ఒడ్డున స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణం ఉన్నది. 1794లో దేశాధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ సైన్యంకోసం అక్కడ తుపాకుల కార్ఖానా పెట్టించాడు. 1968లో దానిని మూసివేశారు. ఇప్పుడు అక్కడ ఒక ప్రదర్శనశాల ఉన్నది.

అందులో ఒక పెద్ద చట్రంలో వందలకొద్దీ తుపాకులు నిలువుగా, వరుసలు వరుసలుగా అమర్చి ఉన్నాయి. ఇవి 1861 నమూనావి. ఒక్కొక్కటి సుమారు నాలుగు అడుగుల ఎనిమిది అంగుళాల పొడవు, నాలుగు కిలోల బరువు. గొట్టం మూతినుంచి మందు పోసి, గుండు వేసి, ఇనపకడ్డీతో కూరాలి. ఎంత నేర్పరి అయినా నిమిషానికి మూడుసార్లు పేల్చడమే గొప్ప.

పిల్లలూ, పూర్వం ఒక తుపాకిలోని ముక్క మరొకదానికి సరిపోయేది కాదు. ఎందుకంటే, పనివాడు ప్రతి ముక్కనూ ఆకురాయితో అరగదీసి ఆ ఒక్క తుపాకికే అమర్చేవాడు. ఈ కార్ఖానాలో ప్రతి ముక్కనూ కొలత అచ్చుతో సరిచూడసాగారు. 1842 నమూనా వచ్చేసరికి ఏ ముక్క తీసి దేనికి పెట్టినా సరిపోయింది.

తుపాకి కర్రను చెక్కడానికి థామస్ బ్లాంచర్డ్ అనే ఆయన 1819 ప్రాంతాల ఒక యంత్రం కనిపెట్టాడు. అందులో నమూనా కర్రా, చెక్కవలసిన కొయ్యా కలిసి తిరుగుతాయి. ఒక చక్రం నమూనాను తడుముతూ పోతుంటే, దానితోపాటు కదిలే కత్తుల చక్రం కొయ్యను అదే ఆకారంలో చెక్కుతుంది. తరువాత ఇటువంటి యంత్రాలతోనే గొడ్డలి కాములూ, జోళ్ళు కుట్టే కొయ్య అచ్చులూ చేశారు.

అమెరికాలో ఈ పాత తుపాకులను సేకరించేవారు చాలామంది ఉన్నారు. తుపాకి పక్కనున్న ఇనప పలకమీద గద్ద బొమ్మ, ఊరి పేరు, తయారైన సంవత్సరం ఉంటాయి. కర్రమీద తనిఖీ చేసినవాని పేరులోని పొడి అక్షరాల ముద్ర ఉంటుంది. తెలిసినవారు వాటిని ఇత్తడి చెంబు తోమినట్లు తోమరు. తోమితే తళతళలాడుతుంది నిజమే. కాని ఆ ముద్ర అరిగిపోతుంది. ముద్ర పోతే ఆ తుపాకి చరిత్ర చెప్పే సాక్షి పోయినట్లే.

1843లో లాంగ్‌ఫెలో అనే కవి, కొత్తగా పెళ్ళాడిన భార్యతో ఈ కార్ఖానా చూడవచ్చాడు. బారులు తీరిన తుపాకి గొట్టాలు చర్చిలో వాయించే ఆర్గాన్ వాద్యపు గొట్టాలవలె కనిపించాయి. యుద్ధాలు ఆగిపోవాలని కోరుతూ ఆయన పద్యం వ్రాశాడు. ఆ కోరిక నెరవేరలేదు. బానిసత్వం మూలంగా 1861లో ఉత్తర దక్షిణ రాష్ట్రాల మధ్య యుద్ధం వచ్చి నాలుగేళ్ళు సాగింది. నేడు ఆ చట్రంలో ఉన్నవి ఆ యుద్ధకాలపు తుపాకులే.

వాటిని చూసేటప్పుడు పనివాని నేర్పును మెచ్చుకుందాం. ఆ నేర్పు గొడ్డలి కాములకూ, జోళ్ళ అచ్చులకూ వినియోగపడితేనే లోకానికి మేలని కూడా గుర్తుంచుకుందాం.