గడపకు కావలి ఎవరు?

పాత ఇంట్లో దొంగతనం ఒక్కరోజులో జరగదు. ముందు గొళ్లెం పోతుంది. నెల తిరిగేలోపు కిటికీ చువ్వలు. ఆ తర్వాత చిలకలూ పూలూ చెక్కిన టేకు దర్వాజా. చివరికి మిగిలేది నాలుగు గోడలు, వాటి మధ్య ఓ తుమ్మచెట్టు!

మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఊళ్లలో ఇలాంటి ముసలి ఇళ్లు ఇంకా అక్కడక్కడా కనిపిస్తాయి. డంగుసున్నం గోడలు, నల్లబడిన దూలాలు, ఒకప్పుడు ధాన్యంతో నిండిన అర్రలు, వీధి అరుగులు. అటు నాగ్‌పూర్ రహదారి, ఇటు రాజీవ్ రహదారి, రెంటినీ కలుపుతూ ఔటర్ రింగు రోడ్డు. భూమి ధర పెరిగేకొద్దీ దానిమీదున్న ఇంటికి విలువ తగ్గింది. పిల్లలు నగరానికో అమెరికాకో వెళ్లిపోయారు. తాళంచెవి అన్న దగ్గర, కాగితాలు తమ్ముడి దగ్గర. పండక్కి వచ్చి చూస్తే దర్వాజా ఉండదు. అదే దర్వాజా వార్నిష్ పూసుకుని ఏ రిసార్టు ముంగిట్లోనో నిలబడి ఉన్నా... మనదేనని చెప్పడమెలా?

మరి చట్టం లేదా? ఉంది. కాకపోతే వారసత్వ చట్టాల చూపంతా జాబితాలో పేరున్న కట్టడాల వైపే. హైదరాబాద్‌లోని అలాంటి భవనాల కోసం 1995లో హుడా నిబంధనల్లో 13వ నంబరు చేర్చారు. 2015లో దాన్ని తొలగించారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. ఎర్రమంజిల్ భవనాన్ని కూల్చి అసెంబ్లీ కట్టాలన్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. అది నవాబుగారి ప్యాలెస్. ఏ జాబితాకూ ఎక్కని పల్లెటూరి పటేలు ఇంటికోసం కోర్టు మెట్లెక్కేదెవరు?

అలాగని ఆ ఇల్లు మరీ దిక్కులేనిదేం కాదు. కాపురం లేకపోయినా సామాను భద్రపరిచే ఇల్లయితే చాలు, అందులో దొంగతనానికి ఏడేళ్ల దాకా జైలు. పాత శిక్షాస్మృతిలో అది 380వ సెక్షన్. 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో 305. దొంగసొత్తని తెలిసీ కొన్న వ్యాపారికీ మూడేళ్ల దాకా శిక్ష ఉంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం, కట్టడం నుంచి ఊడదీసిన వస్తువుకు నూరేళ్లు నిండితే అదీ పురావస్తువే. దాన్ని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపకూడదు.

చిక్కల్లా రుజువు దగ్గరే. పోలీస్ స్టేషన్లో 'ఏం పోయింది?' అంటే 'పాత తలుపు' అని చెబితే ఎలా? ఎంత ఎత్తు? ఏం చెక్కారు? పగులు ఎక్కడుంది? 2018 సెప్టెంబరులో పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో బంగారు టిఫిన్ బాక్సు పోతే కొద్దిరోజుల్లోనే దొరికింది. పోలీసులు గట్టిగానే వెతికారు. దానికితోడు, పోయింది ఇదీ అని చూపడానికి ఫొటో ఉంది. మన ఇంటి దర్వాజాకు ఉందా?

అదేమంత పెద్ద పని కాదు. దసరాకో సంక్రాంతికో అందరూ కలిసినప్పుడు ఒక్క పూట చాలు. దర్వాజాలు, స్తంభాలు, కొయ్యపెట్టెలు... ఒక్కోదాని పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయాలి. కొలతలు, గాట్లు, మచ్చలు నోటుబుక్కులో రాసుకోవాలి. తలా ఒక కాపీ ఉంచుకోవాలి. పక్కింటివాళ్లకు ఫోన్ నంబరు ఇవ్వాలి. గొళ్లెం పోయినప్పుడే ఫిర్యాదు చేయాలి. 'పాతదేలే' అని ఊరుకుంటే దర్వాజాకు దారి చూపినట్టే.

ఆ నోటుబుక్కు రాసేటప్పుడు మనవలు తప్పకుండా అడుగుతారు, ఈ తలుపు ఎవరు చేయించారని. జవాబు తెలిసిన పెద్దలు ఇంట్లో ఉండగానే ఆ పని జరిగిపోతే మంచిది.