అమీర్‌పేటలో కూర్చునే చోటేది?

స్నేహితులు నలుగురు కలుసుకోవడానికి కొంత తీరిక ఉండాలి, కూర్చోవడానికి ఒక చోటు ఉండాలి. డబ్బు చెల్లించకుండా కూర్చోగలిగిన చోటు, ఎంతసేపు కూర్చున్నా లేచి వెళ్లమని ఎవరూ అనని చోటు ఐరోపా నగరాల్లో సామాన్యుడికి సులువుగా దొరుకుతుంది గాని, హైదరాబాదు నడిబొడ్డున పంజగుట్ట కూడలి నుంచి అమీర్‌పేట మైత్రీవనం వరకు సాగే దారిలో అలాంటిది వెతికినా కనిపించదు. ఏళ్ల తరబడి విదేశంలో ఉండి సెలవులకు వచ్చిన తెలుగువాడికి ఇక్కడి ట్రాఫిక్కు ఇట్టే అలవాటైపోతుంది గాని, పాత మిత్రులతో నిలబడే మాట్లాడుకుని నిలబడే విడిపోవలసి రావడం మాత్రం మింగుడుపడదు.

ఈ బాధకు ప్రత్యేక కారణం ఉంది. కంప్యూటరు ఉద్యోగాల కోసం అమెరికాకూ ఐరోపాకూ వెళ్లిన తెలుగువారిలో చాలామంది అమీర్‌పేటలో కొన్నాళ్లు గడిపి వెళ్లినవారే. మైత్రీవనం, నీలగిరి బ్లాకు పరిసరాల్లో అంతస్తు అంతస్తుకూ వెలసిన ఇన్‌స్టిట్యూట్లలో, అంటే జావా, శాప్, టెస్టింగ్ టూల్స్ వంటి కోర్సులను కొద్ది వారాల్లో నేర్పి పంపే శిక్షణ కేంద్రాల్లో, జిల్లాల నుంచి వచ్చిన యువకులు కోర్సుకు ముందు ఉచితంగా చెప్పే డెమో తరగతికి చోటు దొరక్క గుమ్మం బయట నిలబడి విన్నారు. హాస్టల్ గదిలో మంచానికీ మంచానికీ మధ్య అడుగు పెట్టే సందు లేక, పొద్దుపోయే దాకా టీ బండి దగ్గర నిలబడి గడిపారు. ఒక్క చాయ్‌ని ఇద్దరు పంచుకునే వన్ బై టూ పద్ధతిలో మొదలైన ఆ స్నేహాలే తరువాత ఫ్రాంక్‌ఫర్ట్‌లో, డబ్లిన్‌లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో కొత్తగా దిగినవాడికి తలదాచుకునే చోటు చూపించాయి. అంతటి స్నేహాలను పెంచిన వీధికి ఒక బెంచీ కూడా దక్కకపోవడం అన్యాయం.

వియన్నా నగరంలోని కాఫీహౌస్‌ను చూసినవారికి ఈ అన్యాయం మరింత బాగా తెలుస్తుంది. కాఫీహౌస్ అంటే ఒక కప్పు తెప్పించుకున్నవాడు పాలరాతి బల్ల ముందు గంటల కొద్దీ పత్రికలు చదువుకోవడానికీ మిత్రులతో వాదించుకోవడానికీ హక్కు ఉన్న స్థలం. కాఫీతో పాటు చిన్న గ్లాసుతో మంచినీళ్లు తెచ్చిపెట్టడం, పత్రికలను కర్రచట్రాలకు బిగించి ఉంచడం అక్కడి ఆచారం. ఆస్ట్రియా ఈ సంప్రదాయాన్ని 2011లో తన అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో, అంటే కట్టడాలను కాక ఆచారాలనూ కళలనూ నైపుణ్యాలనూ నమోదు చేసే జాబితాలో, చేర్చుకుంది. హైదరాబాదు ఇరానీ హోటళ్లు చేసిన మేలూ అలా కూర్చోనివ్వడమే. ఇరాన్ నుంచి వచ్చి స్థిరపడినవారు నెలకొల్పిన ఆ హోటళ్లలోనూ పాలరాతి పలకల బల్లలుండేవి, ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లతో సాయంత్రమంతా గడిచిపోయేది, ఉర్దూ పత్రిక బల్ల నుంచి బల్లకు చేతులు మారేది. వియన్నా తన సంప్రదాయాన్ని నిలుపుకుంది; హైదరాబాదు అవి ఉన్న వీధి మూలల స్థలాల ధర పెరిగేకొద్దీ ఇరానీ హోటళ్లను ఒక్కొక్కటిగా పోగొట్టుకుంటోంది. కొత్తగా వచ్చిన ఏసీ కాఫీ షాపుల్లో కప్పు ఖాళీ కాగానే ఇంకేమైనా కావాలా అని అడుగుతారు, అది లేవమని చెప్పడమే.

ఇంత మాత్రాన ఐరోపావారి స్నేహం మనవారి స్నేహం కంటే గొప్పదని ఒప్పుకోనవసరం లేదు. జర్మనీలో ఒక మిత్రుడితో భోజనం చేయాలంటే వారాల ముందే తేదీ ఖాయం చేసుకోవాలి, చెప్పిన వేళకే వెళ్లాలి, చెప్పకుండా తలుపు తట్టడం మర్యాద తప్పినట్టే లెక్క. అక్కడి రాజ్యాంగం ఆదివారాన్ని విశ్రాంతి దినంగా కాపాడుతుంది గనుక ఆ రోజు దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి. పార్కుల్లో బెంచీలకు కొదవ ఉండదు గాని, పక్కన కూర్చునే మనిషి లేక కొత్తగా వచ్చిన తెలుగువాడికి పొద్దు గడవదు. అమీర్‌పేటలో 'ఎక్కడున్నావురా, మైత్రీవనం దగ్గరకు రా' అన్న ఒక్క ఫోనుతో నలుగురు పోగవుతారు, ఐదోవాడు పిలవకుండానే వస్తాడు. సత్యం థియేటర్ ఉన్న రోజుల్లో సెకండ్ షో వదిలాక ఎస్సార్ నగర్ హాస్టళ్ల దాకా కబుర్లాడుకుంటూ నడిచినవారు, దోసె బండి ఆయన పెనం కడిగేస్తుంటే బతిమాలి చివరి దోసెలు వేయించుకున్నవారు, ఎవరి జేబులో ఉంటే వారే డబ్బులిచ్చి లెక్క రాసుకోనివారు ఇప్పుడు ఒక్కొక్కరు ఒక్కో దేశంలో ఉన్నారు. ఆ థియేటర్ స్థలంలో 2023లో మల్టీప్లెక్స్ తెరిచారు.

మనుషులున్నారు, కూర్చునే చోటే లేదు. ఇటలీలోని సియెనాలో పియాజా డెల్ కాంపో అనే పెద్ద చౌకు ఉంది. పల్లెలో చెట్టు కింద రచ్చబండ ఎలాగో ఆ ఊరికి ఆ ఇటుక నేల అలాగ, పిల్లలూ వృద్ధులూ విద్యార్థులూ అందరూ అక్కడే చేరగిలబడతారు. పారిస్‌లోని లక్సెంబర్గ్ తోటలో ఒకప్పుడు కుర్చీకి అద్దె వసూలు చేసేవారు, ఇప్పుడు ఎవరైనా ఉచితంగా లాక్కుని కూర్చోవచ్చు. రోమ్ నగరం మాత్రం 2019లో ప్రసిద్ధమైన స్పానిష్ మెట్ల మీద కూర్చోవడాన్ని నిషేధించి జరిమానా పెట్టింది. ఆ విషయంలో ఐరోపాను ఆదర్శంగా తీసుకోకూడదు.

2017 నవంబరులో మెట్రో మొదలై, ఎరుపు, నీలం మార్గాలు రెండూ కలిసే స్టేషను అమీర్‌పేటలోనే వచ్చాక మిత్రులు కలుసుకునే చోటుగా దీనికి మించినది నగరంలో లేదు. రైలు దిగినవారికి కింద నీడ ఉంది, స్తంభాలున్నాయి, పార్కు చేసిన బైకులున్నాయి, కూర్చునే చోటు మాత్రం లేదు. పంజగుట్టలో నిమ్స్ ఆసుపత్రికి జిల్లాల నుంచి వచ్చే రోగుల బంధువులకైతే కబుర్లకు కాదు, కాళ్లు నొప్పి పుట్టినందుకే బెంచీ కావాలి. బెంచీ వేస్తే బండ్లవారు ఆక్రమిస్తారని కొందరంటారు గాని, మిర్చి బజ్జీ బండి పక్కన బెంచీ ఉంటే తినేవాడికీ అమ్మేవాడికీ మేలే. 2021లో ఆదివారం సాయంత్రాల్లో వాహనాలు ఆపి ట్యాంక్‌బండ్ రోడ్డును జనానికి వదిలిన నగరానికి బెంచీలు వేయడం అసాధ్యమేమీ కాదు.

బ్రిటన్ పార్కుల్లో చాలా బెంచీలు చనిపోయిన ఆత్మీయుల జ్ఞాపకార్థం కుటుంబాలు ఇచ్చినవి. స్వగ్రామంలో గుడికీ బడికీ విరాళమిచ్చే ప్రవాసాంధ్రులు, ప్రవాస తెలంగాణవారు అమీర్‌పేటకు ఒక్కో బెంచీ ఇవ్వడానికి ముందుకు రావాలి, నిమ్స్ గేటు నుంచి మైత్రీవనం దాకా వాటికి చోటును నగరపాలకులు చూపాలి.