మూలనున్న జనరేటరు

నిత్యము పనిచేయు యంత్రము అరుగును. పనిలేక కూర్చున్న యంత్రము చెడును. మొదటిది కంటికి కనబడును గనుక దానికి తగిన జాగ్రత్త పడుదుము. రెండవది లోలోపల జరుగును. అవసరము వచ్చిన నాటికి గాని బయటపడదు.

బరంపురమున మా యింట ఒక జనరేటరు కలదు. 1999 అక్టోబరు 17వ తేదీ తుఫాను మా ప్రాంతమును ముంచిన పిమ్మట దానిని కొనిరి. పెట్రోలుతో బయలుదేరి, వేడెక్కిన పిదప కిరసనాయిలుతో నడచు రకము. తుఫానులు ఏటేట రావు గదా! అది పెండ్లిండ్లకును, ఉత్సవములకును ఇరుగుపొరుగు వారికి ఎరువు పోవుచుండెడిది. 2013లో మాఘమాసపు పెండ్లి యొకటి ముగిసిన రాత్రి ఎవరో మీట నొక్కి ఆపి, గోనెపట్టా కప్పి, సామాను గదిలో పెట్టిరి. ఎనిమిది నెలలు దానిని తాకినవారు లేరు.

ఆ యేడు అక్టోబరు 12, దుర్గాష్టమి. ఆ రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపూర్ చెంత తీరము దాటెను. దాదాపు 200 కిలోమీటర్ల వేగముతో వీచిన గాలికి చెట్లు, విద్యుత్ స్తంభములు నేలకొరిగెను. తెల్లవారునప్పటికి కరెంటు లేదు. కరెంటు లేనందున కుళాయిలలో నీరును లేదు. మా పెరటి బోరుకు అర గుఱ్ఱపు శక్తి మోటారు కలదు గాని, దానిని తిప్పుటకు విద్యుత్తు కావలెను. మూడిండ్ల అవతల పురిటి బాలింత. వీధి యంతయు బిందెలతో మా గుమ్మమున నిలిచెను. నేనప్పుడు పదవ తరగతిలో నుంటిని.

వీధి కుఱ్ఱవాండ్రు వంతులు వేసికొని తాడు లాగిరి. ముప్పది మారులైన పిమ్మట మా బాబాయిగారు వచ్చిరి. వారు లారీల మరమ్మతు పనిలో జుట్టు నెరసినవారు. "ఆగండి నాయనా! ఆ తాడు తెగినచో ఈ పూట మరొకటి దొరకదు. గాలి, చమురు, నిప్పురవ్వ, ఈ మూటిలో ఏది అందుటలేదో చూచి అప్పుడు లాగుదము" అనిరి.

వారు మొదట చేసిన పని వింతగా తోచెను. జనరేటరును వాలుగా నున్న వసారా నుండి దించి, పెరటిలో సమముగా నున్న చప్టాపై పెట్టించిరి. ఆయిలు తక్కువైనచో నిప్పురవ్వను ఆపివేయు మీట యొకటి ఇట్టి ఇంజనులలో తరచుగా నుండును. వాలుపై నున్నప్పుడు ఆయిలు ఒక ప్రక్కకు పోయి, చాలినంత యున్నను చాలనట్లే ఆ మీట పనిచేయును. కొలపుల్ల తీసి చూడగా ఆయిలు సరిగనే యుండెను.

పిమ్మట పానాతో ప్లగ్గు విప్పిరి. అది తడిసి, కిరసనాయిలు వాసన కొట్టుచుండెను. దానిని తుడిచి, తీగ తగిలించి, ప్లగ్గు రంధ్రమును గుడ్డతో మూసి, దానికి దూరముగా ప్లగ్గు లోహమును ఇంజనుకు ఆనించి తాడు లాగించిరి. నీలి రవ్వ పటుక్కున దూకెను. రంధ్రమును మూయనిచో లోపలి ఆవిరి ఆ రవ్వకే అంటుకొనునని చెప్పిరి. అనగా నిప్పునకు లోపము లేదు. ప్లగ్గును తడిపినది చమురే గనుక దాని సంగతి చూడవలసియుండెను.

అసలు రోగము అక్కడనే బయటపడెను. కార్బురేటరు క్రింది గిన్నె మర విప్పగా దిగినది కిరసనాయిలు. పెండ్లి రాత్రి ఆపినవారు మరల పెట్రోలునకు మార్చకయే ఆపిరి. కిరసనాయిలు చల్లని ఇంజనులో సులభముగా ఆవిరి కాదు. ఆవిరి కానిది అంటుకొనదు. ఆ గిన్నెలో అది యున్నంతకాలము వంద మారులు లాగినను ఫలము సున్న. ఆపుటకు ముందు కొన్ని నిమిషములు పెట్రోలుపై నడపి, గిన్నెను కడిగినట్లు చేసి ఆపవలెను. ఇంతియే కాక, తొట్టిలో మిగిలిన పెట్రోలు పాతబడి, రంగు మారి, వార్నీషు వాసన వేయుచుండెను. పెట్రోలులోని తేలిక భాగములు ముందుగా ఎగిరిపోవును. మిగిలినది గాలితో కలిసి జిగురగును. ఆ జిగురు కార్బురేటరులోని సన్నని జెట్టు రంధ్రమును పూడ్చినది. బాబాయిగారు కరెంటు తీగ నుండి ఒక రాగిపోగు తీసి దానిని శుభ్రపఱచిరి. ఉక్కు సూది వాడరాదట. రంధ్రము పెద్దదైనచో ఇంజను అతిగా త్రాగును. స్కూటరు నుండి కొంచెము క్రొత్త పెట్రోలు తీసి పోసిరి. సైలెన్సరు మూతిలో కందిరీగ కట్టిన మట్టిగూటిని పుల్లతో తీసివేసిరి.

చోకు మూసి లాగగా నాల్గవ లాగునకు దగ్గి, అయిదవ దానికి పట్టుకొనెను. ఎవరో చప్పట్లు కొట్టిరి.

చినుకులు పడుచుండుటచే దానిని వసారాలోనికి మార్చుదమని పొరుగు ఒడియా పెద్దాయన యొకరు కోరిరి. బాబాయిగారు ఒప్పుకొనలేదు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడు అను వాయువుండును. దానికి రంగు లేదు, వాసన లేదు. తలుపులు మూసిన యింట నిద్రించువారిని నిద్రలోనే చంపగలదు. కావున పెరటిలో, కిటికీలకు దూరముగా, నాలుగు కఱ్ఱలపై రేకు పఱచి నడపిరి. ఇంటి ప్లగ్గులోనికి తీగ గ్రుచ్చి ఇల్లంతయు వెలిగించుదమని మఱియొకరు అనగా వారికి నిజముగా కోపము వచ్చెను. మెయిన్ తీయక అట్లు చేసినచో కరెంటు వెనుకకు పోయి, వీధి ట్రాన్సుఫార్మరులో 11,000 వోల్టులై, స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణము తీయగలదు. వారు మోటారు తీగను జనరేటరునకే నేరుగా తగిలించిరి.

మధ్యాహ్నమునకు బాలింత యింటికి మొదటి రెండు బిందెలు పోయెను. తరువాత వీధి వంతు. కరెంటు వచ్చువఱకు ప్రతిదినము అదే వరుస.

అటుపిమ్మట బాబాయిగారు పెట్రోలు మీట కట్టి, గిన్నె ఎండి ఇంజను తానే ఆగువఱకు నడిపి దాచుట నియమము చేసిరి. నెలకొకమారు బల్బులు, ఇస్త్రీపెట్టె తగిలించి కొంతసేపు నడుపుదురు. చక్రముల ఇండ్లలో జనరేటరులు పెట్టుకొను అమెరికా వారికి సయితము నెలకు రెండు గంటలు సగము భారముతో నడుపుడని తయారీదారులు చెప్పుదురట. ఇప్పుడీ జాగ్రత్త మఱింత అవసరము: 2025 నాటికి మన పెట్రోలులో ఇథనాలు 20 శాతమునకు చేరినది, ఇథనాలు గాలిలోని తేమను పీల్చును.

ఆపు విధమును అట్టముక్కపై వ్రాసి జనరేటరునకు కట్టుమని నాకు చెప్పిరి. ఒకవైపు తెలుగున వ్రాసితిని. రెండవవైపు పొరుగు పెద్దాయన మనుమడు ఒడియాలో వ్రాసెను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చిన దినమున మేము ఊరిలో లేము. తాళపుచెవి ఆ యింటనే యుండెను. ఒడియా వైపు చదివికొని ఆ కుఱ్ఱవాడే నడిపెనట. రెండవ లాగునకే పట్టుకొనెనట.