కైఫియత్ అడిగే విద్య

ఒకరినొకరు అడిగి తెలుసుకోవడం మానవజాతికి పుట్టుకతో వచ్చిన అలవాటు. అయితే అడగడం వేరు, అడగడం తెలిసి ఉండడం వేరు. ఉద్యోగమిచ్చేవారు అభ్యర్థిని అడుగుతారు. పరిశోధకుడు పల్లెకు వెళ్లి రైతును అడుగుతాడు. మొదటిదాన్ని ఇంటర్వ్యూ అనీ, రెండవదాన్ని క్షేత్ర పరిశోధన అనీ వేర్వేరు పేర్లతో పిలుస్తున్నాము గాని, రెండింటికీ ప్రాణం ఒక్కటే. ఎదుటి మనిషి దగ్గర ఉన్నదాన్ని, అందులో మన మాట కలపకుండా, బయటికి రప్పించుకోవడమే ఆ ప్రాణం. ఈ విద్యను గురించి మా అనుభవంలోకి వచ్చిన నాలుగు మాటలు విద్యార్థుల ముందు ఉంచదలచాము.

మేము ఉండేది గుంటూరులోని బ్రాడీపేటలో. ఈ పేట లైన్లలో, అడ్డరోడ్లలో ఆసుపత్రులు, కోచింగ్ కేంద్రాలు, ప్రైవేటు విద్యాసంస్థలు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. విద్యాసంవత్సరం మొదలయ్యే రోజులలో సర్టిఫికెట్ల ఫైలు చేతబట్టుకొని మెట్లెక్కే యువతీయువకులను ప్రతి ఏటా చూస్తుంటాము. సత్తెనపల్లి, ప్రత్తిపాడు, చిలకలూరిపేట వైపు నుంచి తెల్లవారుజామునే బస్సెక్కి వచ్చినవారు వారిలో ఉంటారు. లోపల వారికి దక్కేది పది నిమిషాలు. ఆ పది నిమిషాలలో ఏమి అడుగుతారన్న దానిపై ఒక కుటుంబపు జీవనం ఆధారపడి ఉంటుంది. అడిగేవారి బాధ్యత ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు.

ఎం.ఏ. తెలుగు పూర్తిచేసి ఉద్యోగం కోసం తిరిగిన రోజులలో మేము కూడ అటువంటి గదులు కొన్ని చూశాము. పేరు చెప్పనవసరం లేని ఒక సంస్థలో, దరఖాస్తు మీద మా పేరు చదవగానే వచ్చిన మొదటి ప్రశ్న, "మీరు ముస్లింలు కదా, తెలుగు ఎందుకు తీసుకున్నారు?" అని. రెండవది, "ఇంట్లో తెలుగు మాట్లాడతారా?" అని. మూడవది, జీతం ఎంత ఆశిస్తున్నారని. వ్యాకరణం గాని, ఛందస్సు గాని, పాఠం చెప్పే పద్ధతి గాని ప్రసక్తికే రాలేదు. ఆ ఉద్యోగం మాకు రాలేదు. రానందుకు కలిగిన బాధకంటె, మాకు ఏమి వచ్చునో వారికి తెలియకుండానే ఆ సమావేశం ముగిసిందన్న బాధ ఎక్కువ.

మరొక చోట ముగ్గురు పెద్దలు తిక్కన పద్యం ఒకటి మా చేతికిచ్చి, "తెలుగు రెండవ భాషగా చదివే పిల్లలకు దీన్ని ఎలా చెబుతారు? మమ్మల్నే ఆ తరగతి అనుకోండి" అన్నారు. మా తరువాత లోపలికి వెళ్లినవారిని కూడ అదే పద్యం మీద అదే ప్రశ్న అడిగినట్లు బయట తెలిసింది. అక్కడ కూడ ఉద్యోగం మాకు రాలేదు. మాకంటె బాగా చెప్పినవారికి వచ్చింది. అయినా ఆ మెట్లు దిగేటప్పుడు మనసులో ముల్లు లేదు.

ఈ తేడాను మన సర్వోన్నత న్యాయస్థానం ఏనాడో గుర్తించింది. శ్రీనగర్ రీజినల్ ఇంజనీరింగ్ కళాశాల ప్రవేశాలకు సంబంధించిన అజయ్ హాసియా కేసులో 1980 నవంబరులో తీర్పు వెలువడింది. అక్కడ వ్రాతపరీక్షకు 100 మార్కులు, మౌఖిక పరీక్షకు 50 మార్కులు. ఒక్కొక్కరితో రెండు మూడు నిమిషాలకు మించి మాట్లాడలేదనీ, అడిగినవి కూడ తల్లిదండ్రులను గురించి, నివాసాన్ని గురించేననీ అభ్యర్థులు మొరపెట్టుకున్నారు. మొత్తం మార్కులలో 15 శాతానికి మించి మౌఖిక పరీక్షకు కేటాయించడం నిర్హేతుకమని న్యాయస్థానం నిర్ణయించింది. సంభాషణను టేపురికార్డు చేయడం మంచిదని సూచించింది. తరువాతి కాలంలో కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుంచి తన కింది స్థాయి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలనే తొలగించింది.

దుర్వినియోగమైనంత మాత్రాన ఇంటర్వ్యూ పనికిమాలినదని అనుకోరాదు. పాల్ సాకెట్ మొదలైన మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2022లో అనేక పరిశోధనల ఫలితాలను కలిపి పరిశీలించారు. ఎన్నికైన వ్యక్తి ముందుముందు ఎలా పనిచేస్తాడో ఊహించే సాధనాలలో, క్రమపద్ధతిలో జరిపే ఇంటర్వ్యూకే వారు మొదటి స్థానమిచ్చారు. సంపూర్ణ సంబంధం 1 అనుకుంటే దీనికి వచ్చినది 0.42, తోచినట్లు అడిగే ఇంటర్వ్యూకు 0.19. క్రమపద్ధతి అనగా గొప్ప రహస్యమేమీ లేదు. ఆ పనికి ఏయే శక్తులు కావాలో ముందుగా నిర్ణయించుకోవాలి. అందరినీ అవే ప్రశ్నలు అడగాలి. ప్రతి జవాబుకు అప్పటికప్పుడు, పక్కవారి కాగితం చూడకుండా, మార్కులు వేయాలి.

ఇక పరిశోధన సంగతి. మన కళాశాలలో ఉర్దూ, తెలుగు రెండూ చదివేవారున్నారు కనుక ఒక పదాన్ని గుర్తుచేస్తాము. 'కైఫియత్' అనే మాట అరబ్బీ నుంచి పారసీ, ఉర్దూల మీదుగా తెలుగులోకి వచ్చింది. దానికి మూలం 'కైఫ్', అనగా 'ఎలా?' అనే ప్రశ్న. 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీకి దేశభాషలు రావు. ఆయన పక్షాన ఊరూరా సమాచారం సేకరించినవారు కావలి వెంకట బొర్రయ్య, ఆయన సోదరుడు లక్ష్మయ్య మొదలైన తెలుగువారు. ఊరికి ఆ పేరు ఎలా వచ్చింది, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు, ఎవరి ఏలుబడి తరువాత ఎవరిది వచ్చింది అని కరణాలను అడిగి వ్రాయించినవే గ్రామ కైఫియత్తులు. 1803లో బొర్రయ్య చిన్నవయసులోనే మరణించినా ఆ పని ఆగలేదు. గుంటూరు సీమ గ్రామాల చరిత్ర వ్రాసేవారు నేటికీ వాటిని తిరగవేయవలసిందే.

ఆ మార్గంలోనే ఒంగోలులో జన్మించిన ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారి కృషి కనిపిస్తుంది. వారి సంపాదకత్వంలో 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 'మాండలిక వృత్తిపదకోశం' మొదటి సంపుటం వెలువరించింది. వివిధ జిల్లాల రైతుల నోట విన్న వ్యవసాయ పదాలకు అది నిధి. "దీన్ని మేడి అంటారు కదా?" అని అడిగితే రైతు మర్యాదకైనా అవునంటాడు. నాగలి మీద చేయి పెట్టి, "దీన్ని మీరేమంటారు?" అని అడిగితే ఆ ఊరి మాట వస్తుంది. మాటను మనమే అందిస్తే మనకు తిరిగి వచ్చేది మన మాటే.

ఇటీవలి సంవత్సరాలలో డిగ్రీ విద్యార్థులు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పేరిట గ్రామాలకు వెళుతున్నారు. మిరప రైతును "అప్పులున్నాయా?" అని నిలబడి అడిగితే "లేవు బాబూ" అంటాడు. పరువు గల ఏ మనిషైనా అంతే అంటాడు. కళ్లం దగ్గర కూర్చొని, "ఈ ఏడు కాయ యార్డుకు ఎప్పుడు వేశారు? తాలుకాయ ఎంత పోయింది? కాటా అయిన తరువాత డబ్బు చేతికి ఎన్నాళ్లకు వచ్చింది? పురుగుమందులు ఎవరి దగ్గర తెచ్చారు?" అని వరుసగా అడిగి చూడండి. అప్పు అనే మాట మనం ఎత్తకుండానే అప్పు కథ అంతా ఆయనే చెబుతాడు. చెబుతూ చెబుతూ ఒకచోట ఆగినప్పుడు మనం తొందరపడి మరో ప్రశ్న వేయరాదు. ఆ మౌనం తరువాతనే అసలు మాట వస్తుంది.

భాష సంగతి కూడ మరువరాదు. మన ఇండ్లలోని దాదీమాను పెళ్లిపాటల గురించి పుస్తకాల తెలుగులో అడిగితే తలూపి ఊరుకుంటుంది. ఇంటి ఉర్దూలో అడిగితే పాటే అందుకుంటుంది. ఎవరి మాట కావాలో వారి భాషలోకి మనమే వెళ్లాలి. విన్నదాన్ని వారి మాటలలోనే ఆ రోజే వ్రాసుకోవాలి. వారు చెప్పవద్దన్న పేర్లు కాగితం మీదికి రానీయరాదు.

విద్యార్థి మిత్రులలో కొందరు రేపు బల్లకు ఆవల కూర్చొని జవాబులు చెబుతారు. కొంతకాలానికి ఈవల కూర్చొని ప్రశ్నలు అడుగుతారు. ఆనాడు ప్రశ్నల కాగితం సిద్ధం చేసుకున్న తరువాత ఒక్కసారి మొదటినుంచి చదువుకోండి. ఎదుటివారి పేరు, ఊరు, వేషం చూసి జవాబు మీరే ఊహించుకున్న ప్రశ్న ఏదైనా కనబడితే కొట్టివేయండి. దాని స్థానంలో 'ఎలా' అనే మాటతో ఒక ప్రశ్న వ్రాసుకోండి.