వంకర రైలుదారిన కొండసైకిలు

అమెరికా దేశపు పడమటి తీరాన శాన్‌ఫ్రాన్సిస్కో అనే మహానగరం ఉన్నది. అక్కడినుంచి ఉత్తరంగా బయలుదేరి, 1937లో తెరిచిన గోల్డెన్‌గేట్ వంతెన దాటి, మరికొన్ని మైళ్లు పోతే ఒక కొండ కనిపిస్తుంది. దాని పేరు టామల్‌పయస్. అంత పేరు పలికే తీరిక లేనివాళ్లు టామ్ అంటారు. ఎత్తు 2,570 అడుగుల పైచిల్లర. మన తిరుమల కొండకన్న పొట్టిదే.

ఈ కొండ మీద నేను నలభై ఆరో ఏట సైకిలు తొక్కడం నేర్చుకున్నాను. అంతకుముందు సైకిలు రాక కాదు. తిరుపతి దగ్గర మా పల్లెలో, సీటు అందని వయసులోనే, అడ్డకమ్మీ కిందుగా కాలు దూర్చి పెద్దల సైకిలు తొక్కినవాణ్ణే. అలిపిరినుంచి తిరుమలకు 3,550 మెట్లు. పదిహేనో ఏట ఆ మెట్ల మీద మా నాన్నగారిని వెనక వదిలేసి పరుగెత్తి, గాలిగోపురం దగ్గర కూర్చుని ఆయన కోసం ఎదురు చూసినవాణ్ణే.

తరవాత చదువులు, ఉద్యోగం, అమెరికా. ఇరవై ఏళ్లు కంప్యూటరు ముందు కుర్చీలో కూర్చున్నాను. కుర్చీలు అరిగి కొత్తవి వచ్చాయి గాని, కూర్చున్న మనిషి అరగలేదు, పెరిగాడు. ఒకనాడు ఇంట్లో మేడమెట్లు ఎక్కి పైన నిలబడి రొప్పుతూ ఉంటే, పన్నెండేళ్ల మా అమ్మాయి చూసి, "నాన్నా, ఏమైనా బరువు మోసుకొచ్చావా?" అని అడిగింది. నా చేతుల్లో ఏమీ లేదు.

డాక్టరుగారు రక్తపరీక్ష చేయించారు. చక్కెర హద్దు మీద ఉన్నది. "మీ ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉండేదా?" అని ఆవిడ అడిగారు.

"మా నాన్నగారు యాభై రెండో ఏట దానితోనే పోయారు," అన్నాను.

టైపు చేస్తున్న ఆవిడ చేతులు ఆగిపోయినవి. నలభై ఆరుకూ, యాభై రెండుకూ మధ్య ఎన్నేళ్లున్నవో లెక్కపెట్టడానికి పెద్ద చదువు అక్కరలేదు. గుండెకు మరికొన్ని పరీక్షలు చేసి, "భయం లేదు. కాని రోజూ ఒంటికి పని చెప్పండి. మెల్లిగా మొదలు పెట్టండి," అన్నారు.

మొదటి మాట విన్నాను. రెండో మాట నా చెవికెక్కలేదు.

ఆ ఆదివారమే మా అమ్మాయికొకటి, నాకొకటి కొండసైకిళ్లు అద్దెకు తీసుకుని టామ్ కొండకు వెళ్లాము. కొండసైకిలు మామూలు సైకిలు వంటిది కాదు. దాని టైర్లు లావుగా, రాళ్లనూ మట్టినీ కరిచిపట్టేటట్లు గరుకుగా ఉంటాయి. ముందు చక్రాన్ని పట్టుకున్న ఫోర్కులో స్ప్రింగు పనిచేసే ఏర్పాటు ఉంటుంది. చక్రం గుంటలో పడినా చేతులకు దెబ్బ తగలదు. ఇంత సొగసైన సైకిలు ఉండగా ఇంకేమి కావాలి? కొండపైకి నిటారుగా పోతున్న మట్టిదారి ఒకటి కనిపిస్తే, అదే దగ్గరదారి అనుకుని ఎక్కించాను.

పది నిమిషాలు కాలేదు. కాళ్లు మంటలెత్తినవి, చెవుల్లో గుండె కొట్టుకున్నది, చెట్లు తిరిగినట్లయినవి. సైకిలు పక్కన పడేసి నేలమీద కూర్చున్నాను. పైన మలుపులో మా అమ్మాయి వెనక్కి తిరిగి చూసి, దిగి వచ్చి నా పక్కన నిలబడింది. ఎగతాళి చేస్తుందేమో అనుకున్నాను. చెయ్యలేదు. "నాన్నా, మనం ఇంటికి పోదామా?" అన్నది. ఆ గొంతులో ఉన్న భయం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

అంతలో కుక్కను వెంటబెట్టుకుని ఒక ముసలాయన అటుగా వచ్చాడు. నాకు నీళ్లిచ్చి, ఊపిరి కుదుటపడేదాకా ఆగి, "ఈ దారిన ఎందుకొచ్చారు? రైలు ఎక్కిన దారిన ఎక్కకపోయారా?" అన్నాడు.

కొండ మీద రైలేమిటి అనుకున్నాను. తరవాత తెలిసింది. 1896లో ఈ కొండ అడుగున ఉన్న మిల్‌వేలీ అనే ఊరినుంచి శిఖరం దగ్గరికి ఒక రైలుమార్గం వేశారు. పొడవు ఎనిమిది మైళ్ల పైచిల్లర. అందులో మలుపులు 281! ప్రపంచంలోకెల్లా వంకర రైలుదారి అని దానికి పేరు. ఒక చోటనైతే పట్టాలు ముడి వేసినట్లు తమ పక్కనుంచి తామే పదే పదే మెలికలు తిరిగి పైకి పోయేవి. మోటారు కార్లు పెరిగాక రైలెక్కేవారు తగ్గిపోయారు. 1929లో కొండ మీద పెద్ద కార్చిచ్చు కూడా వచ్చింది. 1930లో రైలు ఆగిపోయింది. పట్టాలు తీసేశారు గాని, రైలు పోయిన బాట అలాగే ఉన్నది. నేడు దాని మీద నడిచేవాళ్లు నడుస్తారు, సైకిళ్లవాళ్లు తొక్కుతారు. ముడి ఉన్న చోట మాత్రం బాట కొంత చెరిగిపోయింది. ఆ కాస్తా తారురోడ్డు మీద దాటాలి.

అన్ని మలుపులు ఎందుకు? రైలు నిటారుగా ఎక్కలేదు. ఇనపపట్టాల మీద ఇనపచక్రాలు జారిపోతాయి. అందుచేత ఇంజనీర్లు దారిని సాగదీశారు. ఎత్తు మారలేదు, దారి పొడుగైంది, కనక వాలు తగ్గింది. ఆ రైలుదారిలో సగటున పద్ధెనిమిది, పంతొమ్మిది అడుగులు ముందుకు పోతే ఒక్క అడుగు పైకి లేస్తాము. మరీ వాలుగా ఉన్న చోట కూడా పద్నాలుగు అడుగులకు ఒక అడుగే. తిరుమల ఎక్కినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. మెట్లదారీ అక్కడికే పోతుంది, బస్సులు పోయే ఘాట్‌రోడ్డూ అక్కడికే పోతుంది. మెట్ల మీద పిక్కలు పట్టేస్తాయి. ఘాట్‌రోడ్డు మీద మలుపులకు తల తిరుగుతుంది. అంతే తేడా!

ఆ రైలును లాగిన ఇంజన్లు కూడా మామూలువి కావు. వాటిలో పళ్లచక్రాలు, అంటే గేర్లు, ఉండేవి. ఇంజను గబగబా తిరిగినా చక్రాలు మెల్లిగా తిరిగేవి. వేగం పోయి, దాని బదులు బలం వచ్చేది. నా సైకిలులో ఉన్నదీ అదే తంత్రం. పెడలు దగ్గర ఉన్న చక్రానికి 32 పళ్లు. వెనక ఉన్న వాటిలో పెద్దదానికి 50, చిన్నదానికి 10. చెయిను పెద్దదాని మీద వేసి పెడలు ఒక చుట్టు తిప్పితే సైకిలు ఇంచుమించు ఐదడుగులు కదులుతుంది. చిన్నదాని మీద వేస్తే ఇరవై నాలుగడుగులు దూకుతుంది, కాని కాలికి ఐదింతలు బరువు తగులుతుంది. పిల్లలూ, మీ సైకిలుకు గేర్లుంటే తలకిందులుగా నిలబెట్టి పళ్లు లెక్కపెట్టి చూడండి. గేర్లు లేకపోయినా ముందువీ వెనకవీ లెక్క పెట్టవచ్చు. చెయినులో వేళ్లు మాత్రం పెట్టకండి.

మరుసటి ఆదివారం రైలుదారి పట్టాను. ఈసారి డాక్టరుగారి రెండో మాట గుర్తుంచుకున్నాను. మా అమ్మాయి నాకొక పరీక్ష పెట్టింది: తొక్కుతూ ఎక్కాలు చెప్పాలి. పదమూడో ఎక్కం తడుముకోకుండా వస్తే సరే. మధ్యలో ఊపిరి ఎగదోస్తే గేరు తగ్గించి మెల్లగా పోవాలి. అప్పటికీ రాకపోతే దిగి నడవాలి. ఇది ఆటే అయినా అర్థం లేనిది కాదు. మాట్లాడుతూ చేయగలిగినంత పని చేస్తే గుండె మితంగా శ్రమపడుతున్నదని వైద్యులు కూడా చెబుతారు. ఎదురుగా వచ్చే అమెరికావాళ్లకు మాత్రం, హెల్మెట్ పెట్టుకున్న లావుపాటి మనిషి తెలుగులో ఏమి జపిస్తున్నాడో అంతుబట్టి ఉండదు.

మొదటివారం ఒక మైలు. రెండోవారం మైలున్నర. మూడోవారం మళ్లీ మైలే. రాత్రి నిద్ర చాలలేదు. వారం మధ్యలో రెండు సాయంత్రాలు ఇంటి దగ్గర పల్లంలో తొక్కేవాణ్ణి. తక్కిన రోజులు నడక. అన్నం మానలేదు గాని, రెండోసారి వడ్డించుకోవడం మానేశాను. మానేసినవాటిలో ఇదే కష్టమైనది.

ఇలా చేస్తే ఒంట్లో ఏమి జరుగుతుంది? గుండె కూడా కండరమే. పని పెట్టినకొద్దీ దాని గది కొంచెం పెద్దదై, ఒక్కొక్క దెబ్బకు ఎక్కువ రక్తాన్ని తోస్తుంది. అందుచేత ఊరికే కూర్చున్నప్పుడు తక్కువసార్లు కొట్టుకుంటే సరిపోతుంది. తొడల కండరాల్లో సన్నని రక్తనాళాలు కొత్తగా మొలుస్తాయి. ఆహారాన్ని శక్తిగా మార్చే మైటోకాండ్రియాలు కణాల్లో పెరుగుతాయి. పనిచేసే కండరం రక్తంలోని చక్కెరను తనంత తానే లాక్కుంటుంది. ఇవన్నీ మనం తొక్కేటప్పుడు కాక, తొక్కి వచ్చి విశ్రాంతి తీసుకునేటప్పుడే ఎక్కువగా జరుగుతాయి. రోజూ ఒళ్లు హూనం చేసుకునేవాడికి ఆ సమయం దొరకదు.

మొదట్లో తెల్లవారి లేవగానే నా నాడి నిమిషానికి 84సార్లు కొట్టుకునేది. మూడు నెలలకు 75. చూపుడువేలూ నడిమివేలూ మణికట్టు మీద ఆనించి, గడియారం చూస్తూ మా అమ్మాయే లెక్కపెట్టి కేలండరు మీద వేసేది.

నాలుగో నెలలో వెస్ట్‌పాయింట్ సత్రం చేరాము. రైలు కంపెనీవాళ్లు ప్రయాణికుల కోసం 1904లో కట్టిన చెక్క ఇల్లు అది. కొండ ఎత్తులో మూడింట రెండు వంతుల మీద ఉన్నది. రైలు పోయినా సత్రం నిలిచింది. స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు దాన్ని చూసుకుంటున్నారు. వసారాలో బల్ల మీద కూర్చుంటే కింద శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం, నగరం కనబడాలి. ఆ రోజు ఏమీ కనపడలేదు. వేసవిలో సముద్రం మీదినుంచి పొగమంచు లేచి లోయలన్నీ నింపేస్తుంది. మేము ఎండలో ఉన్నాము, మా కాళ్లకింద పాలసముద్రం. దాని అడుగున ఎక్కడో రెడ్‌వుడ్ మహావృక్షాలున్న మ్యూర్ వనం ఉన్నది. ఆ మంచు తేమే వానల్లేని నెలల్లో ఆ చెట్లకు ఆధారం. నేను వాటికన్న ఎత్తున కూర్చుని నిమ్మరసం తాగుతున్నానని తలచుకుంటే కొంచెం గర్వం కలిగింది.

గర్వం దిగేటప్పుడు తీరింది. ఒక మలుపులో ముందు బ్రేకు గట్టిగా నొక్కాను. చక్రం గులకరాళ్ల మీద జారి, నేను పొదలో పడ్డాను. మోచెయ్యి గీసుకున్నది. అది చాలదన్నట్లు ఆ పొదలో మూడేసి ఆకుల పాయిజన్ ఓక్ ఉన్నది. మన దురదగొండి చేసే పనే అది ఇంకా నిదానంగా, వారం పది రోజులు చేస్తుంది.

దిగడమే ఆటగా పెట్టుకున్నవాళ్ల వల్లనే కొండసైకిలు పుట్టింది. ఇక్కడికి దగ్గరలో ఫెయిర్‌ఫాక్స్ అనే ఊరున్నది. 1970ల్లో ఆ ప్రాంతపు కుర్రవాళ్లు, 1930లలో, 40లలో తయారైన లావు టైర్ల పాతసైకిళ్లను చవకగా కొని, కొండల మీదికి తోసుకుపోయి, మట్టిదారుల్లో కిందికి వదిలేవారు. 1976 అక్టోబరు 21న ఒక పందెం పెట్టుకున్నారు. ఆ దారి రెండు మైళ్లలో 1,300 అడుగులు దిగుతుంది. పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకు తప్ప వాళ్లకు మరొకటి లేదు. కిందికి చేరేసరికి ఆ బ్రేకు కాలి, లోపలి గ్రీజు పొగై పోయేది. మళ్లీ గ్రీజు కూరవలసి వచ్చేది. అందుకని ఆ దారికి రీప్యాక్ అని పేరు వచ్చింది. గేరీ ఫిషర్ అనే ఆయన దాన్ని 4 నిమిషాల 22 సెకండ్లలో దిగాడు. పాతసైకిళ్లు ఈ దెబ్బలకు విరిగిపోతూ ఉంటే, వాళ్లలో ఒకడైన జో బ్రీజ్ 1977లో కొండకోసమే కొత్త చట్రం కట్టాడు. తరవాత ఇరవై ఏళ్లయినా కాకముందే, 1996లో, కొండసైకిలు పందెం ఒలింపిక్ క్రీడల్లో చేరింది.

నేడు టామ్ కొండ బాటల మీద ఇష్టమొచ్చినట్లు దిగడానికి లేదు. గంటకు 15 మైళ్లు దాటరాదు. ఎదర కనిపించని మలుపుల్లో 5 మైళ్లే. పిల్లలూ, ముసలివాళ్లూ నడిచే దారి కదా! నాకు ఈ నిబంధన బాగా నచ్చింది. మా అమ్మాయికి నచ్చలేదు.

శిఖరం చేరడానికి తొమ్మిది నెలలు పట్టింది. ఒక శనివారం ఉదయం బయలుదేరి, సత్రం దాటి, పదమూడో ఎక్కం, పద్నాలుగో ఎక్కం, పందొమ్మిదోది కూడా అయిపోయి, ఇక చెప్పడానికి ఎక్కాలు లేక ఊళ్లో మా వీధిలోని ఇళ్ల వరస చెబుతూ ఎక్కాను. పైన ఒక చిన్న కొట్టంలో పాతకాలపు బండి నమూనా ఉన్నది. దానికి ఇంజను లేదు. రైలు నడిచిన రోజుల్లో అటువంటి బండ్లలో జనాన్ని కూర్చోబెట్టి, బ్రేకు పట్టుకునే మనిషి ఒక్కడు ముందుండి, కొండ వాలు మీద కిందికి వదిలేవారట. ఎక్కిన ఎత్తే దానికి బొగ్గు, నీరు.

మా అమ్మాయి నాకన్న ముందే చేరి, రాతి మీద కూర్చుని కాళ్లు ఊపుతూ ఉన్నది. నేను సైకిలు ఆనించి పక్కన కూర్చోగానే, అడగకుండానే నా మణికట్టు పట్టుకున్నది.

"మాట్లాడకు నాన్నా, లెక్క తప్పుతుంది," అన్నది.

మాట్లాడలేదు. లెక్క పూర్తి చేసి, అంకె చెప్పకుండా చెయ్యి వదిలేసి, "ఇంకో ఐదు నిమిషాలు కూర్చుని దిగుదాం. ముందు బ్రేకు జాగ్రత్త!" అన్నది.