పదకొండు 'అంటే'లు

రికార్డింగ్ గదిలో అద్దానికి అవతల కూర్చున్న అమ్మాయి హెడ్‌ఫోన్ తీసేసి, స్క్రిప్టు కాగితాలు నాకు కనపడేలా పైకెత్తింది. వాటి నిండా పెన్సిల్‌తో చుట్టిన సున్నాలు. "సార్, ఈ ఒక్క ఎపిసోడ్‌లో నేను పదకొండుసార్లు 'అంటే?' అన్నాను. రెండుసార్లు 'అమ్మో' అన్నాను. ఇంకేమీ అనలేదు. ఇంతకీ ఈ నౌకలో నా ఉద్యోగం ఏంటి సార్?"

నా దగ్గర జవాబు లేదు. మొదటి ఎపిసోడ్‌లో ఆమెకు ఖగోళశాస్త్రంలో పీహెచ్‌డీ ఇచ్చింది నేనే. కృష్ణబిలం అంటే ఏమిటని ఆ పీహెచ్‌డీ చేతే హీరోని అడిగించిందీ నేనే.

ఆడియో సీరియళ్లు రాసి బతుకుతున్నవాణ్ణి. పది పన్నెండు నిమిషాల ఎపిసోడ్లు, వారానికి అయిదు. అంతకుముందు వారపత్రికలకు రాసేవాణ్ణి. అక్కడ 'తరువాయి వచ్చేవారం' అని వేసి ఊపిరి పీల్చుకోవడానికి ఏడు రోజులుండేవి, ఇక్కడ ఏడు గంటలు కూడా ఉండవు. ఇప్పటికి సైన్స్ ఫిక్షన్ సిరీస్‌లు మూడు రాశాను. రాకెట్ల విషయంలో చేసిన తప్పులు ఎవరూ పెద్దగా పట్టుకోలేదు. హీరోయిన్ల విషయంలో చేసినవి మాత్రం ఇంట్లోనూ స్టూడియోలోనూ కూడా పట్టుబడ్డాయి.

ఈ 'అంటే?' రోగం ఊరికే అంటుకోదు. యద్దనపూడి 'సెక్రటరీ'లో జయంతి ఆఫీసుకు వెళ్తే, ఆఫీసు అంటే ఏమిటో పాఠకులకు చెప్పక్కర్లేదు. కారు, మేడ, రాజశేఖరం చూపు అన్నీ తెలిసినవే. మా పని అలా కాదు. నౌకలో గాలి ఎక్కణ్ణుంచి వస్తోంది, కాళ్లు నేలకు ఎలా ఆనుతున్నాయి, భూమికి ఫోన్ చేస్తే జవాబు రావడానికి ఎందుకు అరగంట పడుతోంది, ఇవన్నీ ఎవరో ఒకరి నోటితో చెప్పించాలి. చెప్పేవాళ్లు ఒకరుంటే వినేవాళ్లు ఇంకొకరుండాలి. అర్ధరాత్రి కూర్చుని రాస్తుంటే, తెలిసినవాడు హీరో అయిపోతాడు, తెలియనిది హీరోయిన్ అయిపోతుంది. నేను అనుకుని చేసింది కాదు. చెయ్యి అలా నడిచిపోయింది. కాకపోతే ఆ చేతి జీతం అందింది నాకే కాబట్టి తప్పు నాదే.

పాతవాళ్లు దీన్ని ఇంకో తోవలో తప్పించుకున్నారు. 1930ల చివర్లో ఐజాక్ అసిమోవ్ అనే ఇరవై ఏళ్లు నిండని కుర్రాడు 'అస్టౌండింగ్' పత్రికకు ఉత్తరాలు రాస్తూ, సైన్స్ కథల్లో ఈ ఆడవాళ్లూ ప్రేమగొడవా ఎందుకని వాదించాడు. కొద్ది ఏళ్లకే అదే కుర్రాడు సూసన్ కాల్విన్‌ను సృష్టించాడు. రోబోల మనసు చదివిన శాస్త్రవేత్త ఆవిడ. 1941లో వచ్చిన 'లయర్!' కథలో, మనుషుల ఆలోచనలు పసిగట్టే ఒక రోబో, ఆవిడ మనసు నొప్పించకూడదని, ఫలానా సహోద్యోగి నిన్ను ప్రేమిస్తున్నాడని అబద్ధం చెబుతుంది. ఆవిడ నమ్మి ముఖానికి రంగులు కూడా వేసుకుంటుంది. నిజం తెలిశాక, అవునన్నా కాదన్నా తప్పే అయ్యే ప్రశ్నతో ఆ రోబోకు పిచ్చెక్కించి పడేస్తుంది. కాల్విన్ ఎవర్నీ 'అంటే?' అని అడిగే రకం కాదు. అందరూ వచ్చి ఆవిణ్ణే అడుగుతారు. ఆ ఒక్క కథ తప్పిస్తే ఆవిడ జీవితమంతా ఉద్యోగమే. తెలివి ఇచ్చినందుకు ప్రేమ కోసేశారన్నమాట. తరవాత చాలా ఏళ్లు ఇదే బేరం నడిచింది.

నా రెండో తప్పు ఇంతకన్నా పెద్దది. మొదటి సిరీస్‌లో యామిని అని ఒక డాక్టరు ఉండేది. అరవయ్యో ఎపిసోడ్‌లో ఆమెకూ హీరోకూ పెళ్లి చేశాను. ఆ వారం వినేవాళ్లు తగ్గారు. పైనుంచి ఫోన్ వచ్చింది, "పెళ్లయిపోయాక ఇంకేముంది సార్, టెన్షన్ పోయింది" అని. అరవై అయిదో ఎపిసోడ్‌లో ఎయిర్‌లాక్ తలుపు చెడగొట్టి యామినిని చంపేశాను. ఒక పేజీ ఏడిపించి హీరో చేతికి ప్రతీకారం అందించాను. దాని మీద ఇంకో నలభై ఎపిసోడ్లు లాగాం. డబ్బులూ వచ్చాయి. వంటింట్లో పని చేసుకుంటూ ఆ ఎపిసోడ్ విన్న మా ఆవిడ, "ఆ పిల్ల ఏం పాపం చేసిందండీ, పెళ్లేగా చేసుకుంది" అంది. తరవాత వారం రోజులు నా సీరియల్ వినలేదు.

విడి నవలకు పెళ్లితో శుభం కార్డు వెయ్యొచ్చు, సిరీస్‌కు ఆ సౌకర్యం లేదు. జంట కలిస్తే కథ ఆగుతుందని భయం. అందుకని మేం పెట్టుకున్న దారులు నాలుగే. జ్ఞాపకశక్తి పోగొట్టడం, కాలంలో వెనక్కి పంపడం, శత్రుపక్షంలో చేర్చడం, చంపడం. నాలుగోది సులువు. పెద్దవాళ్లకూ ఈ భయం ఉన్నట్టే ఉంది. ఫ్రాంక్ హెర్బర్ట్ 'డ్యూన్' 1965లో వచ్చింది. హీరో పాల్‌తో సమానంగా ఎడారిలో పోరాడిన అతని ప్రియురాలు చాని, 1969 నాటి రెండో నవలలో కవలల్ని కని చనిపోతుంది. అతని రాజకీయ భార్య ఇరులాన్‌కు ప్రేమ దక్కలేదు గానీ చరిత్ర రాసే పని దక్కింది. మొదటి నవలలో ప్రతి అధ్యాయమూ ఆవిడ రాతతోనే మొదలవుతుంది. డేవిడ్ వెబర్ 1993లో మొదలెట్టిన ఆనర్ హారింగ్టన్ సిరీస్‌లో యుద్ధనౌక కెప్టెన్ స్త్రీయే. అక్కడా నాలుగో నవలలో ఆమె ప్రియుణ్ణి ద్వంద్వయుద్ధంలో చంపించారు. ఆడ, మగ తారుమారైనా ఎయిర్‌లాక్ తలుపు అదే.

యామిని చచ్చిపోయిన ఏడాదే, ఓ ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలో లోయిస్ మెక్‌మాస్టర్ బుజోల్డ్ నవలలు రెండు దొరికాయి. 'కొమార్', 1998. 'ఎ సివిల్ కాంపెయిన్', 1999. అట్టల మీద నౌకల బొమ్మలు చూసి కొన్నాను. లోపల ఉన్నది ఒక పెళ్లి సంబంధం కథ. అది కూడా అచ్చం మన కుటుంబ నవలలా, మేనత్తలూ మర్యాదలూ నలుగురేమనుకుంటారో అన్న బెంగా సహా.

ఎకటెరిన్ అనే ఆవిడ మొదటి నవలలో వేరొకరి భార్య, ఒక పిల్లవాడి తల్లి. భర్త ప్రభుత్వాధికారి, చేతగానితనాన్నీ రోగాన్నీ దాచుకుంటూ ఆమెను నలిపేస్తుంటాడు. కథ చివర్లో కుట్రదారుల చేతికి ఆమె బందీగా చిక్కుతుంది. నేనైతే అక్కడ హీరోని పరుగెత్తించేవాణ్ణి. ఆమె మాత్రం ఎవరి కోసమూ ఆగకుండా వాళ్ల యంత్రాన్ని తనే పగలగొట్టేస్తుంది. రెండో నవల నాటికి భర్త పోయాడు. హీరో మైల్స్‌కు ఆమెంటే ఇష్టం, కానీ చెప్పే ధైర్యం లేదు. తోటలు రూపొందించడం ఆమె విద్య. నా స్థలంలో ఒక తోట వేసిపెట్టమని పని అప్పగిస్తాడు. పనిమీద రోజూ కనిపిస్తుంది కదా అని ఎత్తుగడ. విందు పెట్టిన రోజు అందరి ముందూ గుట్టు రట్టవుతుంది. కంగారులో పెళ్లి చేసుకుంటావా అని అక్కడే అడిగేస్తాడు. ఆమె లేచి వెళ్లిపోతుంది.

ఆ పేజీ రెండుసార్లు చదివాను. ప్రేమించినందుకు కాదు ఆమె కోపం. తోటను సాకుగా వాడుకున్నాడని. మొదటిసారి తన చేతికి ఒక పని దొరికిందనుకుని మురిసిపోయింది, అది పనే కాదని తేలింది. మైల్స్ క్షమాపణ ఉత్తరం రాయాల్సివచ్చింది. చివరికి నిండుసభలో పెళ్లి మాట ఎత్తేది ఆమే. యామినికి నేను డాక్టరు ఉద్యోగం ఇచ్చింది కూడా హీరో భుజానికి కట్టు కట్టించడానికే. నాదీ మైల్స్ తోటలాంటి వ్యవహారమే. ఉత్తరం రాద్దామంటే ఆవిడ లేదు.

అప్పటినుంచి ప్రతి సిరీస్‌కూ ముందు ఒక కాగితం మీద ఒక ప్రశ్న రాసుకుని గోడకు అంటిస్తున్నాను: ఈవిడ రేపు సెలవు పెడితే కథ ఆగుతుందా? జేమ్స్ ఎస్.ఎ. కోరీ అనే పేరుతో ఇద్దరు రచయితలు కలిసి రాసిన 'ద ఎక్స్‌పాన్స్'లో నయోమి నాగటా ఇంజనీరు. ఆమె చెయ్యి పడకపోతే నౌక నడవదు. 2011 నుంచి 2021 దాకా తొమ్మిది నవలలు. ఆమెకూ కెప్టెన్ హోల్డెన్‌కూ మధ్య 'కలుస్తారా కలవరా' అన్న ఊగిసలాటను అన్నేళ్లూ లాగలేదు. తొందరగానే కలిపేశారు. అయిదో నవలలో శత్రువుల నౌక నుంచి తప్పించుకోవడానికి ఆమె అంతరిక్షపు దుస్తులు కూడా లేకుండా శూన్యంలోకి దూకుతుంది. వినేవాళ్లు తగ్గారని అప్పట్లో నాకు ఫోన్ చేసినాయనకు ఆ ఘట్టం చెప్పాను. "అయితే మనమ్మాయి కూడా దూకుద్దా?" అన్నాడు. ఆయన పద్ధతి ఆయనది.

మూడో సిరీస్‌లో కెప్టెన్ సుభద్ర. నౌకలో గాలీ నీళ్లూ శుద్ధి చేసే మెకానిక్ వాసు. 'అంటే?'లన్నీ మూటగట్టి వాసుకు ఇచ్చాను. మూడో రోజుకి అతని గొంతు ఇచ్చే కుర్రాడు నా దగ్గరికొచ్చి, "సార్, నేను మరీ మొద్దావతారంలా వినబడుతున్నానేమో" అన్నాడు. పక్కనున్న అమ్మాయి, పదకొండు 'అంటే?'లు లెక్కపెట్టిన ఆవిడే, ఇప్పుడు సుభద్ర గొంతు, ఏమీ అనలేదు. నీళ్లు తాగుతూ ఉండిపోయింది. ఆ కుర్రాడి మాటా నిజమే. మూట ఒకరి నెత్తిమీంచి ఇంకొకరి నెత్తికి మార్చాను గానీ దింపలేదు. తరవాత వాళ్లిద్దరి చేతా పోట్లాటలో సైన్స్ చెప్పించడం నేర్చుకున్నాను. పోట్లాడేటప్పుడు ఎవరూ పాఠం చెబుతున్నట్టు వినబడరు.

అసలు ఇరుకున పడింది తెలుగుతో. నౌకలో మాట్లాడే కంప్యూటర్ ఒకటి పెట్టాను, పేరు నిత్య. ఒక రాత్రి ఇలా రాశాను: వాసు తలెత్తాడు. నిశ్శబ్దంగా వచ్చింది. కాసేపు అలాగే ఉండిపోయింది. లైటు ఆర్పేసింది. సౌండ్ ఇంజనీరు ఆపేసి అడిగాడు, "ఎవరు సార్, మేడమా, కంప్యూటరా?" నిజమే. బడిలో మహద్వాచకాలూ అమహద్వాచకాలూ అని బట్టీపట్టాం గానీ ఆ దెబ్బ ఇక్కడ తగిలింది. ఏకవచనంలో మన క్రియకు ఆడమనిషీ ఒకటే, ఆవూ ఒకటే, అల్మారా ఒకటే. ఆన్ లెకీ 2013 నాటి 'యాన్సిలరీ జస్టిస్'లో ఒక సామ్రాజ్యం భాషకు ఆడా మగా తేడా లేదు. అందుకని అందర్నీ 'ఆమె' అంటారు. కథ చెప్పేది ఒకప్పుడు నౌకగా ఉన్న బుద్ధి. ఇంగ్లీషులో అది పెద్ద సంచలనం. దాన్ని తెలుగులో పెడితే, ఆడమనిషికీ నౌకకూ ఒకే క్రియ మనకు ఎప్పట్నుంచో ఉంది కాబట్టి సగం సంచలనం వినబడకుండానే పోతుంది.

సుభద్రకు 'వచ్చారు' అని గౌరవం ఇచ్చి చూశాను. కంప్యూటర్‌తో గొడవ తీరింది. కానీ వెన్నెల్లాంటి గ్రహం కిటికీలోంచి కనపడుతుండగా 'సుభద్ర సిగ్గుపడ్డారు' అని రాస్తే హెడ్‌మిస్ట్రెస్ గుర్తొచ్చింది. చివరికి 'వచ్చింది' సుభద్రకే ఉంచేసి, నిత్యకు కదలికలు తీసేశాను. గొంతు వినబడుతుంది, అంతే.

ఇక మిగిలింది 'మీరు'. ఇంగ్లీషువాళ్లకు ఉన్నది ఒక్కటే మాట, కెప్టెన్‌కైనా ప్రియురాలికైనా. మనకు మీరు నుంచి నువ్వుకు దిగే ఆ ఒక్క మెట్టే ప్రేమ సన్నివేశం. సినిమాల్లో హీరో పాటకు ముందే దిగేస్తాడు, హీరోయిన్ పెళ్లయ్యాక కూడా 'మీరు' దగ్గరే నిలబడుతుంది. ఇక్కడ ఆమె పై అధికారి. మొదట్నుంచీ వాసుని నువ్వనే అంటోంది. అతను మేడమ్, మీరు అంటున్నాడు. దిగాల్సింది అతనే. దిగితే ఆమె హోదా తగ్గినట్టు వినబడుతుంది. "రేపు నిప్పంటుకుంటే, నువ్వు అనేవాడు ఆర్డరు వింటాడా సార్?" అంది ఆ అమ్మాయి. మూడు ఎపిసోడ్లు రాసి చించాను. చివరికి ఒక ఏర్పాటు కుదిరింది. వంటగదిలో నువ్వు. కంట్రోల్ గదిలో మీరు. ప్రేమ సన్నివేశమంతా వంటగదిలో కాఫీ మరిగేంతసేపు. అతను మొదటిసారి "నువ్వు చక్కెర ఎక్కువేసుకుంటావ్" అంటాడు. అంతలో సైరన్. "మీరు చెప్పండి మేడమ్" అంటూ లేస్తాడు. ఆమె అప్పటికే తలుపు దగ్గర ఉంటుంది.

రికార్డింగ్ రోజు ఆ కుర్రాడు అలవాటు కొద్దీ "మీరు చక్కెర..." అన్నాడు. మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. పక్క మైకు దగ్గరున్న అమ్మాయి కాగితంలోంచి తల ఎత్తకుండానే అంది: "సైరన్ ఇంకా మోగలేదండీ."