ముందు చక్రమా, వెనక చక్రమా?

బాత్రూములో ఉండాల్సిన బరువు తూచే మిషను ఆ రోజు సెల్లారులోకి దిగింది. దాని మీద కారు చక్రం ఉంది. గుంటూరు నుంచి జర్మనీలోని స్టుట్‌గార్ట్‌కి వచ్చి వారం కూడా తిరగని పెద్దాయన వంగి అంకె చూశారు. "పద్దెనిమిదిన్నర" అన్నారు. ఆ చక్రం దింపి పక్కనున్నది ఎక్కించారు. "పదిహేను. చూశావా, చక్రానికి మూడున్నర కిలోలు తేడా!"

వెతుక్కుంటూ వచ్చిన కోడలు గుమ్మం దగ్గరే ఆగింది. ఆమెకి ఏడో నెల. "మామయ్యగారూ, తుడిచి ఇవ్వండి. రేపు నేను ఎక్కాలి దాని మీద" అంది నవ్వాపుకుంటూ.

ఈ తూకం వెనక ఒక కొండదారి ప్రయాణం ఉంది.

ఇంజనీరింగు చదివే రోజుల్లో హాస్టల్ గోడకి స్పోర్ట్స్ కారు బొమ్మ అంటించుకున్న కుర్రాళ్లలో కొడుకు ఒకడు. పదేళ్లు ఉద్యోగం చేశాక, 2023 మొదట్లో సెకండ్ హ్యాండు మాజ్దా ఎంఎక్స్-5 కొన్నాడు. 2016 మోడలు, ఒకటిన్నర లీటరు ఇంజను, బరువు ఇంచుమించు ఒక టన్ను. రెండే సీట్లు. పుట్టబోయే బిడ్డని ఎక్కడ కూర్చోబెడతావని ఇంట్లో ఎవరూ అడగలేదు. అడక్కపోయినా వాడికి తెలుసు. బహుశా ఒక్క వేసవి ముచ్చటే.

కారుతో పాటు రెండు జతల చక్రాలు వచ్చాయి. కంపెనీ ఇచ్చిన పదహారు అంగుళాల రిమ్ములకి చలికాలం టైర్లు. బయట కొన్న పద్దెనిమిది అంగుళాల నల్లటి రిమ్ములకి వేసవి టైర్లు. నిజం చెప్పాలంటే వాడు కారుని చూసి కాదు, ఆ నల్ల రిమ్ముల్ని చూసి పడిపోయాడు.

జర్మనీలో ఒక నానుడి ఉంది. చలికాలం టైర్లు 'ఓ నుంచి ఓ దాకా' ఉండాలంటారు. ఒక ఓ అక్టోబరు, రెండో ఓ ఓస్టెర్న్, అంటే ఈస్టరు. చట్టంలో తేదీలేమీ లేవు. రోడ్డు మీద మంచో, గడ్డకట్టిన నీరో ఉంటే ఆ టైర్లు ఉండి తీరాలని మాత్రమే ఉంది. ఆ ఏడాది ఏప్రిల్ 9న ఈస్టరు రాగానే కుర్రాడు నల్ల చక్రాలు బిగించేశాడు. నెలాఖరులో తండ్రి రాగానే, బ్లాక్ ఫారెస్టు కొండల మీది రోడ్డు చూపిస్తానని బయల్దేరదీశాడు.

కారెక్కేముందు పెద్దాయన డిక్కీ తెరిపించారు. "స్టెపినీ ఏదిరా?"

"ఉండదు నాన్నా. పంచరైతే పోసే మందు, గాలికొట్టే మిషను ఇస్తారు."

ఆయన మాట్లాడలేదు. ఆర్టీసీలో ముప్ఫై ఒక్క ఏళ్లు, అందులో సగానికి పైగా టైర్ల సెక్షన్లో గడిపిన మనిషికి స్టెపినీ లేని బండి అంటే చెప్పుల్లేకుండా పొలం వెళ్లినట్టు.

స్టుట్‌గార్ట్‌లో 14 డిగ్రీలు. వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న మమ్మెల్ సరస్సు దరిదాపులకి వెళ్లేసరికి 4. చెట్ల నీడలో రోడ్డు తడిగా ఉంది. ఒక మలుపులో కారు వెనక భాగం మెత్తగా పక్కకి జారింది. డాష్‌బోర్డు మీద పసుపు దీపం టకటకా వెలిగింది. కంప్యూటరే బ్రేకులు సర్ది కారుని దారిలో పెట్టింది. వేగం అరవై కూడా లేదు. కొడుకు "ఏం కాలేదు" అని నవ్వాడు. తండ్రి నవ్వలేదు. ఇల్లు చేరేదాకా ఆయన చెయ్యి తలుపు పిడి మీదే ఉంది.

మర్నాడే సెల్లారులో పంచాయితీ మొదలైంది. పెద్దాయన మొబైల్ లైటు వేసి టైరు పక్కగోడ చదివారు. 215/35 ఆర్ 18. అడ్డం 215 మిల్లీమీటర్లు, అందులో 35 శాతం పక్కగోడ ఎత్తు, రిమ్ము 18 అంగుళాలు. ఇది చాలామందికి తెలిసిన లెక్కే. ఆయన వెతికింది వేరే. డాట్ అన్న అక్షరాల వరస చివర నాలుగంకెలు, 3416. అంటే 2016లో 34వ వారం తయారీ. "గాడి అయిదు మిల్లీమీటర్లుంది నాన్నా, చట్టం 1.6 చాలంటుంది" అన్నాడు కొడుకు. ఆయన పక్కగోడని బొటనవేలితో నొక్కి చూపించారు. వెంట్రుకల్లాంటి పగుళ్లు. "అరగలేదురా, ఎండిపోయింది."

వేసవి టైరు రబ్బరు వేడి రోడ్డుకి తగ్గట్టు కలుపుతారు. వేడిలో అది గట్టిగా నిలబడి పట్టిస్తుంది. ఇంచుమించు ఏడు డిగ్రీల కిందికి వెళ్తే బిరుసెక్కుతుందని టైర్ల కంపెనీలే చెబుతాయి. చలికాలం రబ్బరు దీనికి తిరగబడ్డది. చలిలో మెత్తగా ఉంటుంది, ఎండలో మరీ మెత్తబడి మెలికలు తిరుగుతుంది, బ్రేకు దూరం పెరుగుతుంది. అసలే ముదిరిన వేసవి టైరు, పైగా నాలుగు డిగ్రీలు, తడి. కారు మొత్తం రోడ్డుని తాకేది నాలుగు అరచేతులంత చోటులోనే. ఒక్కో అరచేతి మీద పావు టన్ను.

కొత్తవి కొనక తప్పలేదు. ఖర్చు చూసి కొడుకు ఈ ఏడాదికి రెండు చాలన్నాడు. "అయితే ముందు వెయ్యి" అన్నారు తండ్రి. ఆర్టీసీలో ఆయన నేర్చింది అదే. కొత్త టైరు ముందుకి, రీట్రెడ్ వెనక్కి. బస్సుకి ముందు టైరు పేలితే స్టీరింగు డ్రైవరు మాట వినదు. వెనక జంట చక్రాలు గనక ఒకటి పోయినా రెండోది మోస్తుంది.

టైర్ల షాపు మేస్త్రీ మాత్రం తల అడ్డంగా ఊపాడు. కొడుకు తెలుగులోకి మార్చి చెప్పాడు. కారుకి మంచి టైర్లు వెనకే ఉండాలి. తడిలో ముందు జారితే కారు తిన్నగా పోతుంది. కాలు తీస్తే మామూలు మనిషి కూడా సర్దుకోగలడు. వెనక జారితే బండి గిర్రున తిరుగుతుంది. పైగా ఇది వెనక చక్రాలతో నడిచే కారు.

పెద్దాయన కాసేపు ఆలోచించారు. ముందురోజు మలుపులో జారింది వెనకే కదా. "బస్సు లెక్క వేరు, దీని లెక్క వేరు. అతనన్నదే సరి" అన్నారు. ముప్ఫై ఏళ్ల అలవాటుని అంత తేలిగ్గా పక్కన పెట్టగలిగినవాళ్లు తక్కువ. ఆ వెంటనే, "అందుకే నాలుగూ మార్చు" అన్నారు.

ఇక మిగిలింది రిమ్ముల గొడవ. నల్ల రిమ్ములకి అనుమతి కాగితాలు లేవని అప్పుడే బయటపడింది. జర్మనీలో కంపెనీవి కాని చక్రాలకి ఆ కాగితం లేకపోతే బండి తిరిగే అనుమతికే ముప్పు, బీమా దగ్గరా చిక్కే. తూకం సంగతి సరేసరి. స్ప్రింగుల కింద వేలాడే బరువు ఎంత తగ్గితే చక్రం గతుకుని అంత త్వరగా దాటి మళ్లీ రోడ్డుని పట్టుకుంటుంది. పైగా పద్దెనిమిదికి పక్కగోడ 75 మిల్లీమీటర్లే, పదహారుకి 97. గోతిలో పడితే దెబ్బ ముందు ఎవరికి తగులుతుందో చెప్పక్కర్లేదు. పెద్ద చక్రం అందం చూసేవాళ్లకి, చిన్న చక్రం సుఖం కూర్చున్నవాళ్లకి. నూట ముప్ఫై గుర్రాల కారుకి పద్దెనిమిది అంగుళాలు నగలాంటివే.

నల్లవాటిని కాగితాలు లేవని చెప్పే అమ్మేశాడు. పాత కంపెనీ రిమ్ములు ఇంకో నాలుగు వెతికి, 195/50 ఆర్ 16 వేసవి టైర్లు ఎక్కించాడు. ఏటా రెండుసార్లు ఒకే రిమ్ము మీద టైర్లు విప్పి ఎక్కించే కూలీతో పోలిస్తే రెండో జత రిమ్ములే నయం. గాలి రెండు బార్లు, మన లెక్కలో 29 పౌండ్లు. బస్సు టైర్లలో వందకి పైగా కొట్టించిన పెద్దాయన ఆ అంకెని రెండుసార్లు అడిగి మరీ నమ్మారు.

జూన్‌లో ఒక ఆదివారం తండ్రీకొడుకులు మళ్లీ అదే రోడ్డెక్కారు. చక్రాలు మార్చాక యాభై కిలోమీటర్లకి ఒకసారి నట్లు చూసుకోవాలి. పెట్రోలు బంకులో ఆపి కొడుకు టార్క్ రెంచి తీశాడు. "ఇటు తే" అని ఆయన అందుకున్నారు. ఎదురెదురుగా ఒకటీ మూడూ, రెండూ నాలుగూ. ప్రతి నట్టుకీ టిక్కుమంది. పదహారూ అయ్యాక లేచి, మోకాళ్లు దులుపుకుని, "డ్రైవరు సీటు ఎంత వెనక్కి జరుగుతుందిరా?" అన్నారు.

"మీకు ఇక్కడి లైసెన్సు లేదు నాన్నా."

"కూర్చుని చూస్తా. నడపను."